సొంత ఇంట్లో పెట్టిన రాయి

తాక్ మాన్సు ఆ ఫైలులో నిబంధనల గడిని ఖాళీగా వదిలేశాడు. ఈసారి మరిచిపోయి కాదు, ఏళ్ల తరబడి వదిలేస్తూనే ఉన్నాడు. గీతల బల్ల మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెట్టి ఆడే బదుక్ పోటీలో పడిన ఎత్తులన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించి దాచే ఫైలు అది. పైన కొన్ని గడులుంటాయి. నల్లరాళ్ల వాడి పేరు, తెల్లరాళ్ల వాడి పేరు, తేదీ, ఊరు, రెండో ఎత్తు తనది కాబట్టి తెల్లవాడికి ముందే కలిపిచ్చే ఆరున్నర పాయింట్లు. వాటి కింద ‘ఏ దేశపు నిబంధనలు’ అని ఇంకో గడి. బుప్యోంగ్‌లో తన క్లబ్బు మెట్లెక్కి వచ్చి బదుక్ ఆడేవాళ్లు కొరియా నిబంధనలు కాక ఇంకేం ఆడతారు? అన్నం గిన్నె మీద అన్నం అని రాసుకుంటామా? మాన్సు ఆ గడి దాటేసి కిందికి పోయేవాడు. అతనికి తెలిసినవాళ్లందరూ అంతే.

మాన్సుకి యాభై దగ్గర పడ్డాయి. పదమూడో ఏట బడి మానేశాడు. మాన్పించింది వాళ్ల నాన్నే, అదీ సంబరంగా. పిల్లవాడు ప్రొఫెషనల్ అవుతాడని బదుక్ నేర్పే హాస్టల్లో పడేశారు. అక్కడ పొద్దున్న లేస్తే నల్లరాయి, తెల్లరాయి. మధ్యలో అన్నం, మళ్లీ నల్లరాయి, తెల్లరాయి. పద్దెనిమిది నిండేలోపు పరీక్ష నెగ్గకపోతే మూట కట్టి పంపేస్తారు. పంపేశారు. బయటికొచ్చి చూసుకుంటే చేతిలో బడి సర్టిఫికెట్టూ లేదు, ఆట సర్టిఫికెట్టూ లేదు. ముగ్గు వేసినట్టు రాళ్లు పేర్చడం ఒక్కటే వచ్చు. దానికి లోకంలో ఎవడూ జీతమివ్వడు.

అందుకని నూడుల్స్ హోటల్ పైన ఒక గది అద్దెకు తీసుకుని బదుక్ క్లబ్బు పెట్టాడు. ముసలివాళ్లకు పొట్లాల కాఫీ కలిపిచ్చాడు, పిల్లలకు పాఠాలు చెప్పాడు. అంతలో యంత్రాలొచ్చాయి. ప్రపంచంలో ఏ మనిషికన్నా బాగా ఆడే ప్రోగ్రాం ఫోన్లో పట్టేసింది. ఇంక మాన్సు పాఠం ఎవడికి కావాలి? పిల్లలు రావడం మానేశారు. ముసలివాళ్లు చావడం మొదలుపెట్టారు. చివరికి పోటీలప్పుడు బల్ల పక్కన కూర్చుని ఎవరో ఆడిన ఎత్తులు ఎక్కించే పని దొరికింది. "పెళ్లి వాళ్లది, వీడియో మనది" అనేవాడు మాన్సు ఎవరైనా అడిగితే. నవ్వేవాడు కాదు.

ఆ జనవరిలో కాల్సాన్ కప్పు ఫైనలుకి కూడా పక్కన కూర్చున్నది అతనే. నల్లరాళ్లు బాంగ్ తేసిక్‌వి. బుప్యోంగ్ స్టేషన్ దగ్గర ఇళ్ల బేరాలు చేసే పెద్దమనిషి, అరవై దాటినవాడు, రెండుసార్లు ఆ కప్పు కొట్టినవాడు. తెల్లరాళ్లు ఓక్ హ్యోంగిల్‌వి. ఇళ్లు వెచ్చబెట్టే బాయిలర్లు బాగుచేసే మనిషి, నలభై నాలుగేళ్లు. మాన్సు క్లబ్బులో సాయంత్రాలు ఆడుకునేవాడు. మాట తక్కువ. ఆ ఉన్న మాటలోనూ ఉత్తర కొరియా యాస తగిలేది. అడిగితే మాది సొక్చో అనేవాడు. యుద్ధంలో ఉత్తరం నుంచి దిగి వచ్చినవాళ్లు సొక్చోలో ఒక పేటకు పేటే ఉన్నారు కాబట్టి ఆ యాసకు అదే కారణమని అందరూ ఊరుకునేవారు.

హాల్లో హీటరు పాడై చలి కొరికేస్తోంది. హ్యోంగిల్ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని ఆడాడు. మధ్యలో రెండుసార్లు బాత్రూంకి వెళ్లొచ్చాడు. ఇవన్నీ తర్వాత నేరాలయ్యాయి. అప్పటికి మాత్రం టోపీ టోపీయే, బాత్రూం బాత్రూమే.

ఆట సన్నగా నడిచింది. చివరికి ఎవరికీ చెందని మధ్య ఖాళీలు కూడా నిండిపోయాయి. ఆఖరి ఖాళీ హ్యోంగిల్ నింపాడు. పెట్టడానికి ఇంకేమీ మిగలక బాంగ్ అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపి గడియారం నొక్కాడు. గడియారంలో ఆడగొంతు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు, ఎనిమిది. హ్యోంగిల్ తల ఎత్తలేదు. గిన్నెలోంచి ఒక తెల్లరాయి తీసి, తన మూలలో, తను చుట్టుకున్న జాగాలోనే, టక్కున పెట్టాడు.

చూస్తున్నవాళ్లలో ఎవడో దగ్గాడు. మాన్సు వేలు కీబోర్డు మీద ఆగిపోయింది.

ఇక్కడివాళ్లు చుట్టుకున్న ప్రతి ఖాళీ చోటునీ ఒక ఇల్లు అంటారు. ఎవడికి ఇళ్లు ఎక్కువుంటే వాడిది గెలుపు. సొంత ఇంట్లో తానే రాయి పెట్టుకుంటే ఆ ఇల్లు పోయినట్టే. మూలలోకి ఎదుటివాడు చొరబడే ప్రమాదముంటే తప్పదు, పెట్టుకోవాలి. కానీ ఆ మూలలో ప్రమాదం లేదు. కుర్రవాడు కూడా చూసి చెప్పగలడు. ఇళ్లు లెక్కపెట్టారు. పట్టుబడిన రాళ్లు ఎదుటివాడి ఇళ్లలో నింపి, మిగిలినవి పదులుగా సర్ది చూస్తే తెల్లవాడు అర ఇంటితో గెలిచాడు. ఆ రాయి పెట్టకపోయుంటే ఒకటిన్నర.

బాంగ్ లేచి కప్పు అతని చేతికిచ్చి ఫోటోకి నవ్వాడు. మర్నాడు పొద్దున్నే ఊరి బదుక్ సంఘానికి ఫిర్యాదు పెట్టాడు. అర ఇంటి ఆటలో ఒక ఇల్లు పారేసి కూడా గెలుస్తానని ఏ మనిషికీ అంత గట్టి నమ్మకం ఉండదని, ఆ టోపీ కింద వాడి చెవిలో లెక్క చెబుతున్నదెవరో, బాత్రూంకి ఎందుకెళ్లాడో తేల్చాలని రాశాడు.

సంఘం కార్యదర్శి యూమ్ జున్ ముప్పై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు. మాన్సు దగ్గర్నుంచి ఫైలు తెప్పించుకుని యంత్రం చేత చదివించాడు. సాయంత్రానికి ఫోన్ చేశాడు.

"మాన్సుగారూ, ఒక మాట ముందే చెబుదామని. హ్యోంగిల్‌గారి ఎత్తులు యంత్రం ఎత్తులతో చాలా ఎక్కువ కలుస్తున్నాయి. చివర్లో మరీ. అందరూ తప్పంటున్న ఆ ఆఖరి రాయి కూడా యంత్రం మొదటి వరసలోనే చూపిస్తోంది. బుధవారం కమిటీ కూర్చుంటుంది, మీరు కూడా రండి."

ఫోన్ పెట్టేసి మాన్సు ఆ ఫైలుని తన కంప్యూటర్లోనే తెరిచి అదే ప్రోగ్రాం నడిపించాడు. యూమ్ చెప్పింది నిజమే. ఆఖరి రాయి మీద పచ్చ చుక్క. అది ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు. తెర మీద మూలమూలా వెతికాడు. అప్పుడు కనబడింది, చీమ తలకాయంత అక్షరాల్లో: చైనా నిబంధనలు. ఫైలులో గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం తనంతట తను చైనా లెక్క తీసేసుకుంటుంది. చైనా లెక్కలో ఖాళీలతోపాటు బల్ల మీద రాళ్లూ లెక్కకొస్తాయి. సొంత ఇంట్లో రాయి పెట్టుకున్నా పోయేదేమీ లేదు. ఖాళీ చోటుకి బదులు రాయి, రెండూ ఒకటే. అందుకే యంత్రానికి ఆ రాయిలో తప్పు కనబడలేదు.

మాన్సు గడిలో కొరియా అని కొట్టి మళ్లీ నడిపించాడు. ఆ రాయి ఎర్రబడింది. ఒక ఇల్లు నష్టం అని పక్కన పడింది.

మంగళవారం మధ్యాహ్నం హ్యోంగిల్ క్లబ్బుకొచ్చాడు. పనిచోటి నుంచి వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా మసి. గదిలో ఇంకెవరూ లేరు. మాన్సు కింది హోటలు నుంచి రెండు గిన్నెల నూడుల్స్ పైకి తెప్పించాడు.

"అన్నా, నీ ఫైలు చూసి నన్ను దొంగంటున్నారట కదా."

"నా ఫైలేమంది పాపం. యంత్రం అంటోంది."

"యంత్రానికి నేనేం చేశాను?"

"ముందు తిను. చల్లారితే జిగురైపోతుంది." మాన్సు తెర అతని వైపు తిప్పాడు. "ఇటు చూడు. ఇది చైనా లెక్క, నీ రాయి పచ్చగా ఉంది. ఇది మన లెక్క. ఏమైంది?"

"ఎర్రబడింది."

"ఎర్రబడిందంటే అర్థమేంటి? గాడిద ఎత్తు అని. దొంగ చెవిలో ఎవడైనా గాడిద ఎత్తు చెబుతాడా? రేపు నేను ఇదే చూపిస్తాను. నువ్వు నోరు విప్పక్కర్లేదు, టోపీ కూడా తియ్యక్కర్లేదు."

హ్యోంగిల్ నవ్వాడు. గిన్నె ఎత్తి చారు తాగాడు. "నా జన్మలో గాడిదనని నిరూపించుకుంటే బతికిపోతానని అనుకోలేదన్నా."

"బాంగ్ మొహం చూడాలి రేపు."

కాసేపు ఇద్దరూ తిన్నారు. మాన్సు ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ఆ రాయి ఎందుకు పెట్టావు?"

"చెయ్యి దానంతటదే అటు పోయింది."

"మన చేతులు అలా పోవు."

హ్యోంగిల్ గిన్నె కింద పెట్టాడు. కిటికీలోంచి కింది బస్టాపు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "కోతకాలంలో ఒకరోజు నువ్వు చూశావు కదన్నా" అన్నాడు.

మాన్సు చూశాడు. ఆ రోజు ఇద్దరే ఆడుతున్నారు. మాన్సు రాళ్లు నాలుగు పట్టుబడ్డాయి. హ్యోంగిల్ వాటిని ఏరి, తన గిన్నె మూతలో దాచుకోకుండా, తిరిగి మాన్సు గిన్నెలోనే పడేశాడు. ఇక్కడ ఆట నేర్చుకున్నవాడు ఎవడూ ఆ పని చెయ్యడు. పట్టుబడిన రాళ్లతోనే చివర్లో ఎదుటివాడి ఇళ్లు పూడ్చాలి, వాటిని పారేసుకోవడం పర్సు పారేసుకోవడమే. చైనా లెక్కలో పట్టుబడిన రాళ్లతో పనిలేదు కాబట్టి అక్కడివాళ్లు ఎవరి రాళ్లు వాళ్లకి ఇచ్చేస్తారు. హ్యోంగిల్ వెంటనే నాలిక కరుచుకుని ఆ నాలుగూ మళ్లీ ఏరుకున్నాడు. మాన్సు బల్ల వైపే చూస్తున్నట్టు నటించాడు.

"చూశాను" అన్నాడు మాన్సు ఇప్పుడు.

"ఏమీ అనలేదు నువ్వు."

"అనడానికేముంది."

"మాది యాంజి అన్నా." అతను మసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చైనాలో పుట్టాం. మా తాత ముత్తాతలు ఇక్కడివాళ్లే, ఇంట్లో ఈ భాషే. అయినా మీకు మేం చైనా కొరియావాళ్లమే. నాన్న రైల్వే క్వార్టర్స్ ముందు బల్ల వేసి నేర్పాడు. ఆట అయిపోయాక అనుమానమున్న మూలలో ఒక రాయి పెట్టుకోరా, ఖర్చులేదు, రాత్రి నిద్రపడుతుంది అనేవాడు. ఇరవై మూడేళ్లకి ఇక్కడికొచ్చాను. మొదటి పనిచోట డ్రిల్లు మిషను పోయింది. ఎవరినీ అడగలేదు, నా సంచీ దులిపారు. డ్రిల్లు తర్వాత మేనేజరు కారులో దొరికింది. సంచీ దులిపినందుకు ఎవడూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మాది సొక్చో."

"పౌరసత్వం?"

"అదెప్పుడో వచ్చింది. కాగితాల్లో నేను నీలాంటివాణ్ణే." అతను తలగోక్కున్నాడు. "మా ఆవిడకి తెలుసు. సోరాకి తెలీదు. ఎనిమిదో తరగతి ఇప్పుడు. దాని క్లాసులో యాంజి పిల్ల ఒకతి ఉందట. ఆ పిల్ల దగ్గర ఎవరూ కూర్చోరట. ఆ పిల్ల మాట్లాడినట్టు మాట్లాడి చూపించింది మా పాప, అన్నం తింటూ. నవ్వింది. నేనూ నవ్వానన్నా."

మాన్సు గిన్నెలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టాడు.

"రేపు నువ్వు యంత్రం సంగతి చెప్పు. దాంతో తేలిపోతే మంచిదే. తేలకపోతే నిషేధించనీ. ఈ ఆట లేకపోతే చచ్చిపోతానా? ఏమో, సాయంత్రాలు కొంచెం చావొచ్చు. కానీ యాంజి మాట నా నోట రాదు. నీ నోట కూడా రాకూడదు."

"సరే" అన్నాడు మాన్సు.

"సరే అంటే?"

"సరే అంటే సరే. ఎన్నిసార్లు చెప్పాలి?"

బుధవారం మధ్యాహ్నం పళ్లడాక్టరు గది పైనున్న సంఘం ఆఫీసులో కమిటీ కూర్చుంది. పొడవాటి బల్లకు ఒక కొసన ప్రెసిడెంటు, పక్కన యూమ్, ఎదురుగా బాంగ్, అటూ ఇటూ మిగతా సభ్యులు. హ్యోంగిల్‌ని తలుపు దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టారు. ఈసారి టోపీ లేదు. నెత్తి మీద పలచబడిన జుట్టు చూస్తే టోపీ ఎందుకో తెలిసిపోతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మాన్సు లేచి గడి సంగతి చెప్పాడు. చెబుతుంటే అతనికి హాయిగా ఉంది. చాలా ఏళ్లుగా ఎవరూ అతని మాట అంతసేపు వినలేదు. యూమ్ మధ్యలో అడ్డు రాకుండా విని, తన ల్యాప్‌టాప్‌లో కొరియా అని మార్చి మళ్లీ నడిపించాడు. గోడ మీద తెరలో రాయి ఎర్రబడింది.

"చూశారా" అన్నాడు మాన్సు. "యంత్రం చెప్పినట్టు ఆడేవాడైతే ఈ ఎత్తు ఎందుకు ఆడతాడు?"

యూమ్ తెర వైపు ఇంకోసారి చూశాడు. ముఖంలో గెలుపూ లేదు, కోపమూ లేదు. "మాన్సుగారూ, మీరు చెప్పింది కరెక్టే. గడి ఖాళీగా ఉంటే మీ ప్రోగ్రామూ, నా ప్రోగ్రామూ చైనా లెక్కే తీసుకున్నాయి కదా."

"అవును."

"మరి బయట కూర్చుని ఈయనకి సాయం చేసినవాడి ప్రోగ్రాం కూడా అదే లెక్క తీసుకుని ఉంటుంది కదా? వాడూ మార్చడం మరిచిపోయుంటాడు. అప్పుడు ఈ ఎత్తే చెబుతుంది."

కింద పళ్లడాక్టరు మర గీరుమంటోంది.

"అదీ సంగతి" అన్నాడు బాంగ్. "నలభై ఏళ్లుగా ఆడుతున్నాను. ఈ దేశంలో ఆట నేర్చుకున్నవాడెవడూ అక్కడ రాయి పెట్టడు. మనిషి చెయ్యి కాదది. ఏమయ్యా మాన్సూ, నువ్వు పెడతావా?"

మాన్సు గోడ మీది ఎర్ర రాయి వైపు చూశాడు. ఫైలులో గడి ఖాళీగా ఉన్నంతసేపూ అది అనుమానమే. తను వచ్చి, నోరారా వివరించి, దాన్ని సాక్ష్యం చేశాడు. ఇంతసేపూ ముడి విప్పుతున్నాననుకుని బిగించాడు.

ప్రెసిడెంటు హ్యోంగిల్ వైపు తిరిగాడు. "చూడు బాబూ, నీ మాట కూడా వినాలి. ఈ రాయి ఎందుకు పెట్టావు?"

"టైమైపోతోంది. చెయ్యి పోయింది."

"ఆట ఎక్కడ నేర్చుకున్నావు?"

"సొక్చోలో. మా నాన్న దగ్గర."

"సొక్చోలో ఇలాగే నేర్పుతారా?" అన్నాడు బాంగ్. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఇంకేమైనా చెప్పుకుంటావా?"

"లేదండి."

ప్రెసిడెంటు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. జీవితకాల నిషేధం. పేరు, ఫోటో వెబ్‌సైటులో పెట్టడం. ఊళ్లో క్లబ్బులన్నింటికీ కబురు. హ్యోంగిల్ తల ఊపాడు, బస్సు ఎన్నింటికో కనుక్కున్నవాడిలాగా. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని లేవబోయాడు.

ఆ లేవడం మాన్సు చూడలేకపోయాడు. పద్దెనిమిదో ఏట తను హాస్టలు మెట్లు దిగుతుంటే వెనకాల నుంచి ఒక్కడంటే ఒక్కడు ఒక్క మాట అనలేదు. అదే గుర్తొచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. కానీ నిజానికి అతన్ని తొలిచేసింది అది కాదు. ఇతన్ని ముంచింది తన నోరే, తన లెక్కే, తను హాయిగా చెప్పిన ఆ నాలుగు ముక్కలే. అది మోసుకుని ఇంటికి పోలేకపోయాడు.

"సొక్చో కాదు" అన్నాడు మాన్సు. "అతనిది యాంజి. చైనా లెక్కలో ఆట నేర్చుకున్నాడు. అందుకే ఆ రాయి."

హ్యోంగిల్ సగం లేచినవాడు అలాగే ఆగిపోయాడు. మాన్సు వైపు చూశాడు. ఆ చూపులో తిట్టుంటే బాగుండేది. ఏమీ లేదు.

"నిజమేనా?" అడిగాడు యూమ్.

హ్యోంగిల్ మళ్లీ కుర్చీలో కూర్చుని "నిజమే" అన్నాడు. నాన్న మాట, రైల్వే క్వార్టర్సు, నిద్రపట్టే రాయి, అన్నీ రెండు ముక్కల్లో చెప్పాడు. దాచడానికి ఇంకేముంది. ఇంతకాలం అదిమిపెట్టిన యాస ఆ రెండు ముక్కల్లోనూ పూర్తిగా బయటపడింది.

గదిలో బిగుసుకున్నవాళ్లంతా ఒక్కసారి వదులయ్యారు. బాంగ్ కుర్చీలో వెనక్కి వాలి తొడ చరుచుకున్నాడు.

"అదా సంగతి! ముందే చెప్పొచ్చు కదయ్యా. మనవాడివి కాదన్నమాట. నేనూ అదే అనుకుంటున్నాను, మనవాడెవడూ ఆ రాయి పెట్టడే అని. పోనీలే, ఎప్పుడైనా మంచి గొర్రె మాంసం దొరికే చోటుకి తీసుకెళ్లు మమ్మల్ని. మీవాళ్లకి తెలుస్తుంది."

అందరూ నవ్వారు. మంచి మనసుతోనే నవ్వారు. అభియోగం కొట్టేస్తున్నామని ప్రెసిడెంటు చెప్పాడు. యూమ్ లేచి వచ్చి హ్యోంగిల్ చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. అతను నిజంగానే బాధపడ్డాడు. బాధపడ్డాడు కాబట్టే అన్యాయం జరగకూడదని ఆ సాయంత్రమే వెబ్‌సైటులో వివరంగా పెట్టించాడు. ఓక్ హ్యోంగిల్ చైనాలోని యాంజిలో పుట్టి పెరిగినందువల్ల అక్కడి నిబంధనలకు అలవాటుపడి ఆ ఎత్తు వేశాడని, అతనిపై ఏ మచ్చా లేదని. కింద కప్పు పట్టుకున్న ఫోటో.

ఆఫీసు మెట్ల మీద మాన్సు హ్యోంగిల్ వెనకాలే పరిగెత్తాడు. "హ్యోంగిల్, ఆగు. ఒక్క మాట."

హ్యోంగిల్ ఆగాడు. "సరే అంటే సరే అన్నావు కదన్నా" అన్నాడు. అంతే. దిగి వెళ్లిపోయాడు.

క్లబ్బులో మిగిలిన నలుగురు ముసలివాళ్లకు అది వారం రోజుల పండగ. హ్యోంగిల్ అంటే వాళ్లకి చెడ్డ అభిప్రాయమేమీ లేదు. పేరు మాత్రం మారిపోయింది, యాంజి అనేవారు. "ఈసారి పోలీసులమంటూ ఎవడైనా ఫోన్ చేసి బ్యాంకు నంబరు అడిగితే గొంతు గుర్తుపట్టండి, ఆ దొంగ ఫోన్లన్నీ వాళ్ల యాసలోనేగా, మన యాంజి అయ్యుంటాడు" అన్నాడొకడు. ఇంకొకడు దగ్గు వచ్చేంత నవ్వాడు. "మా ఇంట్లో బాయిలరు చేసింది వాడే. నయం, ఏమీ పోలేదు." మాన్సు నోరు మూసుకోమన్నాడు. "నీకెందుకయ్యా కోపం, చెప్పింది నువ్వేగా" అన్నారు వాళ్లు. అది నిజం. కాఫీ కలిపి ఇచ్చాడు.

హ్యోంగిల్ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. బాయిలరు కొట్టుకి వెళ్లి అడిగితే యజమాని తల గోక్కున్నాడు. "నేను పొమ్మనలేదండి. మంచి పనివాడు. కాకపోతే ఇళ్లల్లోకి పంపాలి కదా, ఒకరిద్దరు వద్దన్నారు. లోపలి పనేదైనా చూస్తానన్నాను. ఆయనే మానేశాడు."

ఫిర్యాదప్పుడు వెనక్కి తెప్పించిన కప్పు సంఘం ఆఫీసులోనే ఉండిపోయిందని, హ్యోంగిల్‌కి అందజెయ్యమని యూమ్ మాన్సుకి ఇచ్చాడు. మాన్సు దాన్ని వార్తాపత్రికలో చుట్టి, యూమ్ రాసిచ్చిన చిరునామా పట్టుకుని వెళ్లాడు. వరసగా ఒకేలా కట్టిన అపార్టుమెంట్లు. పదకొండో అంతస్తు. బెల్లు కొడితే ఒక అమ్మాయి తలుపు తీసింది. స్కూలు స్వెట్టరు వేసుకుంది గానీ అది మధ్యాహ్నం, పైగా పనిరోజు. ఆమె వెనకాల గోడ దాకా అట్టపెట్టెలు.

"నాన్న లేరండి."

"సోరావి కదూ. బడి లేదా?"

"ఇక్కడ మానేశాను. అన్సాన్‌లో చేరుస్తారు. వచ్చే వారం వెళ్లిపోతున్నాం." అట్టపెట్టెల వైపు చూసింది. "అక్కడ మాలాంటివాళ్లు చాలామంది ఉంటారట." ‘మాలాంటివాళ్లు’ అనే చోట కొంచెం ఆగింది. కొత్త చెప్పులో కాలు పెట్టి చూసుకున్నట్టు.

మాన్సు ఏం చెప్పాలని వచ్చాడో మరిచిపోయాడు. పత్రిక విప్పి కప్పు ముందుకు చాపాడు. "ఇది మీ నాన్నది."

ఆమె పుచ్చుకోలేదు. "మీరేనా, కమిటీలో చెప్పింది?"

"నేనేనమ్మా."

"నాన్న మిమ్మల్నేమీ అనలేదు. అమ్మ అంది. నాన్న అననివ్వలేదు. నన్ను దొంగ కాదని చెప్పిన మనిషిని ఏమంటావు అన్నారు." తలుపు అంచు పట్టుకుని, "మా క్లాసులో ఇంకో అమ్మాయి ఉండేది. వచ్చేముందు ఆ అమ్మాయి దగ్గరికెళ్లి కూర్చున్నాను. లేచి వేరే బెంచీకి వెళ్లిపోయింది" అంది.

మాన్సుకి కళ్లెత్తాలనిపించలేదు. ఆమె కాళ్లకు ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు మేజోళ్లు. మిగతావి పెట్టెల్లోకి వెళ్లిపోయి ఉంటాయి.

"కప్పు తీసుకోమ్మా. గెలిచింది ఆయనే. న్యాయంగా గెలిచాడు."

"వద్దండి. మీరు తెస్తారని నాన్నకి తెలుసు. తెస్తే తీసుకోవద్దన్నారు. అక్కడ దీన్ని ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు ఎలా గెలిచారని అడుగుతారు, మళ్లీ ఇదంతా చెప్పాలి." ఆమె తలుపు కొంచెం దగ్గరికి లాగింది. "చలి వస్తోందండి."

తలుపు మెల్లగానే మూసుకుంది. మాన్సు పత్రిక మళ్లీ చుట్టబోయాడు. వేళ్లు కొంకర్లు పోయి చేతకాలేదు. పత్రిక ఉండచుట్టి జేబులో కుక్కుకుని, కప్పు అలాగే చంకలో పెట్టుకుని లిఫ్టెక్కాడు.

ఆరో అంతస్తులో ఒక కుర్రాడు కుక్కపిల్లతో ఎక్కాడు. మాన్సు చంకలోని కప్పు వైపు చూశాడు, మీద చెక్కిన అక్షరాలు చదివాడు.

"బదుక్ కప్పా అండి? మా తాత కూడా ఆడేవారు. కంగ్రాట్స్."

"థాంక్స్" అన్నాడు మాన్సు.